జపాను ముచ్చట

గజ్వేల్‌లో ఏదో పని మీద పోయి, తిరుగు బస్సుకు ఇంకా టైం ఉందని రోడ్డు పక్కన ఒక దుకాణంలో ఇడ్లీ పాత్ర కొన్నాను. దుకాణదారు పాత్ర కిందికి దించాడు, మూత తీసి లోపలి రేకులు చూపించాడు, సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. నేను అక్కడే నిలబడ్డాను.

"ఇంకేమన్న కావాల్నా మేడం?" అన్నాడు.

ఏమని చెప్పను? ఇడ్లీ పాత్ర కొన్నాను గానీ ఒక్క ఓడా మునగలేదు, ఒక్క బాంబూ పడలేదు, ఇదేం బేరం అని ఆ మనిషితో ఎలా అనను? ఏం వద్దని బయటికి వచ్చేశాను.

అలా నిలబడటం నాకు సిద్దిపేటలో పెద్దమ్మ చేసిన అలవాటు. సొంత పెద్దమ్మ కాదు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం మీద కరీంనగర్ నుంచి బదిలీ అయి వచ్చినప్పుడు వాళ్ళింట్లో పై పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. కింద ముందు భాగంలో వాళ్ళ స్టీల్ సామాన్ల దుకాణం, వెనక వాళ్ళ ఇల్లు. మొదటి రోజు "ఆంటీ" అని పిలిస్తే ఆమె ఒప్పుకోలేదు. "ఆంటీ అంటే ఎవర్నో పిలిచినట్టుంటది. పెద్దమ్మా అను" అంది. పోయిన ఆషాఢంలో చనిపోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. ఆ మనిషి గురించి కన్నీళ్ళు పెట్టుకుని రాయడం నాకు చేతకాదు. ఆమె తలపుకు వస్తే ముందు చెవుల్లో పళ్ళేలు మోగుతాయి.

ఆ దుకాణంలో ఏం కొనాలన్నా ముందు యుద్ధం చూడాల్సిందే. కౌంటరు మీద రెండు పెద్ద గంగాళాలు కొంచెం ఎడంగా పెట్టేది. ఆ సందు విశాఖపట్నం ఓడరేవు ద్వారం. కుడి పక్కన బోర్లించిన బిందె డాల్ఫిన్ నోస్ కొండ. స్టీలు నీళ్ళ సీసాను అడ్డంగా పడుకోబెట్టి దాని వెనక ఒక చిన్న గ్లాసు నిలబెడితే అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. కొనడానికి వచ్చిన వాళ్ళు ఏ పాత్ర అడిగితే ఆ పాత్ర మన యుద్ధనౌక. కొంగు నడుముకు దోపి, గరాటు ఒక కంటికి పెట్టుకుని, రెండో కన్ను మూసి, సబ్‌మెరైన్ కెప్టెన్ అయిపోయేది.

"గిదిగో, నీళ్ళ కింద నుంచి సూస్తుండు. ఏం సూస్తుండు? మన పెద్ద ఓడ విక్రాంత్ ఏడున్నదా అని. గది గీడ లేనే లేదు! అండమాన్ దిక్కు ఎప్పుడో పోయింది. ఈడ ఉన్నట్టు మనోళ్ళు ఉత్త పుకారు లేపిన్రు. గీనె నమ్మిండు. వచ్చిండు. వచ్చి..."

ఇక్కడ ఆగేది. కుక్కర్ కోసం వచ్చిన కొత్త పెళ్ళికూతురు, ఆమె తల్లి నోళ్ళు తెరుచుకుని చూస్తుండేవారు. అప్పుడు రెండు పళ్ళేలు తీసి ఒకదానికొకటి ధన్‌మని కొట్టేది. రోడ్డు మీద పోయే స్కూటర్లు కూడా నెమ్మదించేవి.

"బీచ్ కాడి ఇండ్ల కిటికీ అద్దాలు పలిగినయట! అంత సప్పుడు!"

గల్లాపెట్టె దగ్గర వాళ్ళాయన తల ఎత్తకుండానే, "సొట్ట పడితే నువ్వే కొనాలె" అనేవాడు. నేనున్నన్నాళ్ళూ ఆయన నోటి నుంచి అంతకంటే పొడుగు మాట విన్నట్టు గుర్తు లేదు.

ఆమెకు సంవత్సరాలు కలిసిపోయేవి. ఘాజీ కథ మొదటిసారి విన్నప్పుడు అరవై అయిదు యుద్ధం అంది. "కాదు పెద్దమ్మా, డెబ్బై ఒకటి" అన్నాను. చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అట్లనా? ఇంకా మంచిగున్నది! అప్పటికి నేను బడికి పోతున్న. నేను లెక్కలు చేస్తాంటే ఆడ గిదంతా అయితున్నదన్నట్టు!" అంది. ఇంకోసారి, ఆ సబ్‌మెరైన్‌ను మన ఓడ ముంచిందో, అది పరిచిన మందుపాతరే దాన్ని పేల్చిందో రెండు దేశాలు రెండు మాటలు చెబుతాయని అన్నాను. "అట్లనా? ఇంకా మంచిగున్నది!" అని మర్నాటి నుంచి ఆ ఓడను రెండుసార్లు ముంచడం మొదలుపెట్టింది. ఒకసారి మన లెక్క ప్రకారం, ఒకసారి వాళ్ళ లెక్క ప్రకారం. తప్పు దిద్దితే అంత సంబరపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

విశాఖ పోయి వచ్చిన వాడు ఎవడైనా ఆమె కంటపడితే తప్పించుకోలేడు. "బీచ్ కాడ సముద్రం దిక్కు మొఖం పెట్టి నిలవడ్డవు. కొండ ఏ చేతికి వస్తది?" అని అడిగేది. పాపం వాళ్ళు అరకు కాఫీ గురించో, గుహల గురించో చెప్పబోయేవాళ్ళు. "గవన్నీ కాదు, కొండ ఏ చేతికి?" కుడి చేతికి అన్నవాళ్ళకు గ్లాసెడు చాయ్ దొరికేది. సాయంత్రాలు నన్ను కోమటి చెరువు కట్ట మీదికి తీసుకుపోయేది. జనం తొక్కుడు బోట్లెక్కి తిరుగుతుంటే, "గా బోటు ఎర్రది కనవడ్తుందా? గదే జపానోడి దిక్కు నుంచి వస్తున్నదనుకో" అని గట్టు మీద నుంచే తుపాకులు ఎక్కడెక్కడ పెట్టాలో చేత్తో చూపించేది. ఇన్ని చెప్పే మనిషి సముద్రం చూసి ఉంటుందనే అనుకున్నాను. ఒకరోజు అడిగాను.

"నువ్వు విశాఖ ఎప్పుడు పోయినవు పెద్దమ్మా?"

"నేనా? పోలే."

"ఒక్కసారి కూడానా?"

"సముద్రమే సూడలే బిడ్డా" అంది. వెంటనే చెరువు వైపు తిరిగి మాట మార్చేసింది. ఆమె మాట మార్చడం అదే మొదటిసారి కాబట్టి నాకు బాగా గుర్తు.

అసలు సంగతి ఆ వానాకాలంలో ఒక సాయంత్రం తెలిసింది. దుకాణంలో గిరాకీ లేదు, వాన పడుతోంది, ఇద్దరం మెట్ల మీద కూర్చుని మక్క కంకులు తింటున్నాం. ఆమె పుట్టిల్లు దుబ్బాక. తండ్రి చేనేత పనివాడు. ఆయనకు పెళ్ళి కాకముందు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, నూలు దొరకక మగ్గాలు ఆగిపోయాయి. కూలి దొరుకుతుందని ఎవరో మేస్త్రి వెంట రైలెక్కి విశాఖ పోయాడు. జపాను విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేసిన రోజులవి. మళ్ళీ సముద్రం మీదుగా దిగుతారని తెల్లదొరలకు భయం. ఒడ్డున ఇసుకలో సిమెంటు గదులు కట్టించారట, లోపల సిపాయిలు తుపాకులు పెట్టుకుని కూర్చోవడానికి. అందులో ఒకదానికి ఈయన ఇసుక, కంకర మోశాడు. తర్వాత దుబ్బాక వచ్చి మగ్గంలో కూర్చున్నాడు. మళ్ళీ ఎక్కడికీ పోలేదు.

"నాయిన గీ ఒక్క ముచ్చటే చెప్పేటోడు" అంది పెద్దమ్మ. "ఇసుకల గది కట్టినం. గదికి కిటికీలున్నయి. కిటికీకి మెట్లున్నయి అనేటోడు. ఊరోళ్ళు పడి పడి నవ్వేటోళ్ళు. ఇసుకల ఎవడన్న ఇల్లు కడ్తడా? కిటికీకి మెట్లేంది, అండ్లకెల్లి ఎవడు ఎక్కుతడు, ఎవడు దిగుతడు అని. మా వాడకట్టుల అబద్ధానికి పేరే గదైపోయింది. ఎవడన్న కోతలు కోస్తే, జపాను ముచ్చట చెప్పకురా అనేటోళ్ళు. మా అన్న గూడ అనేటోడు, నాయిన ముంగటనే."

"మీ నాయిన ఏమనేవాడు?"

"ఏమంటడు? నవ్వేటోడు. నవ్వి మగ్గం తొక్కేటోడు."

అన్నకు చిన్నప్పుడు బడిలో పిల్లలు "జపానోని కొడుకు" అని పేరు పెట్టారట. దాంతో ఆయనకు ఆ కథంటేనే మంట. పెద్దమ్మకు మాత్రం ఎక్కడో ఓ మూల, అది నిజమే అయి ఉంటే ఎంత బాగుండునో అనే ఆశ. పెళ్ళయి సిద్దిపేట వచ్చాక, దుకాణంలో రేడియో పెట్టుకుని, ఆ తర్వాత సెల్‌ఫోన్లో వీడియోలు చూసి, విశాఖ యుద్ధాల గురించి దొరికిందల్లా పోగు చేసింది. ఓడలు దొరికాయి, సబ్‌మెరైన్లు దొరికాయి. కిటికీకి మెట్లున్న గది మాత్రం ఎవరూ చెప్పలేదు.

"మరి పోయి చూడరాదా పెద్దమ్మా? ఒక్క రాత్రి ప్రయాణం."

ఆమె కంకి తినడం ఆపింది. "పోయి సూస్తే లేకపోతే?" అంది.

నలభై ఏళ్ళుగా ఆమె ఓడలు ముంచుతూ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోందని అప్పుడర్థమైంది. పోనంత కాలం తండ్రి మాట నిజం అయ్యేందుకు దారి ఉంది.

ఆ దారి వదిలి ఆమె రైలెక్కడానికి కారణం దుబ్బాకలో జరిగిన ఒక పెళ్ళి. అక్కడ ఎవరో కుర్రవాడు తన జీతం గురించి గొప్పలు చెబుతుంటే, అన్నగారి కొత్త కోడలు పకపకా నవ్వి "జపాను ముచ్చట్లు చెప్పకు తమ్మీ" అందట. పెద్దమ్మ ఆ పిల్లను పక్కకు పిలిచి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అని అడిగింది. ఆ పిల్లకు తెలియదు. "అందరూ అంటరు కదా అత్తమ్మా" అంది.

పెద్దమ్మ తిరిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా నా పోర్షన్‌కు ఎక్కివచ్చింది. "మనిషి పోయిండు, ముచ్చట పోయింది, తిట్టు మిగిలింది. ఇగ నాతోని కాదు. టికెట్లు బుక్ చెయ్" అంది.

"లేకపోతేనో?"

"లేకపోతే లేదు! ఉన్నదో లేదో తెల్వాలె గదా!"

విశాఖ స్టేషన్లో దిగి, లాడ్జి గదిలో సామాన్లు పడేసి, ఆటోలో బీచ్ రోడ్డు ఎక్కాం. మలుపు తిరగగానే సముద్రం కనిపించింది. పెద్దమ్మ ఆటోవాడి భుజం పట్టుకుని "ఆపు, ఆపు!" అని అరిచింది. దిగి, రోడ్డు దాటి, సముద్రానికి ఎదురుగా నిలబడి, మొదట చేసిన పని ఏమిటంటే, కుడి చెయ్యి చాచింది. చేతి కొసకు సరిగ్గా డాల్ఫిన్ నోస్ కొండ. మెల్లగా నా వైపు తిరిగి, "ఉన్నది బిడ్డా!" అంది. ఆ గొంతు వింటే ఆ కొండను ఎవరో అప్పుడే అక్కడ పెట్టారనుకుంటారు.

ఆ రోజంతా ఆమెను పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్‌లోకి మోకాళ్ళ నొప్పులతో ఎలా దూరుతుందా అని నేను భయపడుతుంటే, గుండ్రటి గుమ్మాల్లోంచి ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషి, అలా మరచెంబులోకి దూరినట్టు దూరి పోయింది. టార్పెడోల పక్కనే సిపాయిలు పడుకునే అరల మీద చెయ్యి పెట్టి, "గింత జాగల పండుకునేటోళ్ళా? బాంబును పక్కకు పెట్టుకొనా?" అని గైడును ఊపిరి తిప్పుకోనివ్వలేదు. నీళ్ళ కింద ఉన్నప్పుడు సబ్‌మెరైన్లో మాటలు కూడా గుసగుసగానే మాట్లాడతారని ఆయన చెబితే, "అట్లనా? ఇంకా మంచిగున్నది! నేను ఉత్తగనే అంత సప్పుడు చేస్తున్న!" అంది. రోడ్డు దాటి, అక్కడ మ్యూజియంగా పెట్టిన యుద్ధవిమానం చూశాం. యుద్ధ స్మారకం దగ్గర పెట్టిన ట్యాంకు చుట్టూ ప్రదక్షిణం చేసింది. సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది.

కానీ గది గురించి ఎవరిని అడిగినా తెలియదన్నారు. మ్యూజియం గైడు "అప్పట్లో బంకర్లు కట్టారని విన్నాను గానీ ఇప్పుడు ఏమున్నాయో చెప్పలేనమ్మా" అన్నాడు. ఆ రాత్రి లాడ్జి గదిలో ఆమె ఫోన్లో పాత వీడియోలే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది.

మర్నాడు ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచాం. జాలరుల ఇళ్ళ దగ్గర, ఇసుక మీద వల పరిచి బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏటమ్మా, ఏటెతుకుతున్నారు?" అని కేకేసింది.

పెద్దమ్మ ఆమె ముందు కూర్చుని మొదలుపెట్టింది. దుబ్బాక, మగ్గం, మేస్త్రి, జపాను, అంతా. ఆ జాలరి ఆవిడకు సగం మాటలు అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. "సిద్దిపేటా? అదెక్కడమ్మా?" అని మధ్యలో అడిగింది. చివరికి పెద్దమ్మ ఇసుకలో వేలితో గది గీసి, సన్నటి కిటికీ గీసి చూపించింది.

"ఓలమ్మ, దొరల గదా!" అంది ఆవిడ. "అదిగో, ఆ పడవల అవతల. మొన్న వాయుగుండానికి ఇసకంతా కొట్టుకుపోయి నడుం మట్టుకు పైకి నేచింది. ఇప్పుడు మళ్ళీ ఇసకెక్కేసినాది. కొస మాత్రం కనపడతాది. రేపు పొద్దున్న నీరు వెనక్కి తీసినప్పుడు రండి, చూపిస్తాను."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు నా మణికట్టులో దిగాయి.

తెల్లవారగానే పోయాం. అలలు వెనక్కి తగ్గి ఉన్నాయి. తడి ఇసుకలోంచి నల్లటి, పాకుడు పట్టిన సిమెంటు మూల ఒకటి జానెడు పైకి వచ్చి ఉంది. అంతే. దూరం నుంచి చూస్తే బండరాయి అనుకుంటారు. పెద్దమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి, వెంటనే సంచిలోంచి టిఫిన్ క్యారియర్ తీసింది. ఉప్మా గిన్నె నా చేతిలో పెట్టి, ఖాళీ గిన్నెతో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది!

"అలాగ తవ్వితే సంక్రాంతికి అవుతాది" అని జాలరి ఆవిడ నవ్వి, పడవల దగ్గరున్న వాళ్ళను పిలిచింది. ముగ్గురు నలుగురు వచ్చారు. ఎవరో తట్ట తెచ్చారు, ఎవరో విరిగిన తెడ్డు తెచ్చారు. తవ్వుతుంటే అల వచ్చి సగం నింపుతుంది, మళ్ళీ తవ్వుతారు. పొద్దున నడకకు వచ్చిన వాళ్ళు ఆగి, సంగతి విని, బూట్లు విప్పి కలిశారు. ఒకాయన "నిధి ఏమైనా ఉందా?" అని అడిగితే, "ఉన్నది, తవ్వు!" అంది పెద్దమ్మ. అరుపులు, నవ్వులు, "అల వస్తాంది, జరుగు జరుగు!" అన్న కేకలు. ఆ ఒడ్డున అంతమంది ఆ గది కోసం మళ్ళీ ఇసుక మోస్తున్నారని నాకు హఠాత్తుగా తట్టింది.

మోకాలి లోతు తవ్వాక గోడలో పొడవాటి సందు కనిపించింది. కిటికీ. పెద్దమ్మ బోర్లా పడుకుంది, తడి ఇసుకలోనే, పట్టుచీర కొంగుతో సహా. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. ఇసుక ఊడ్చింది. మళ్ళీ తడిమింది. ఆమె వేళ్ళు ఆగాయి.

"బిడ్డా, నీ చెయ్యి పెట్టు" అంది. ఆమె గొంతు గుసగుసలా ఉంది.

పెట్టాను. సందు బయటి వైపు వెడల్పుగా ఉంది. లోపలికి పోను పోను ఒక అంచు, దాని లోపల ఇంకో అంచు, దాని లోపల ఇంకోటి, ఒకదానికంటే ఒకటి ఇరుకుగా. మెట్లు. సిమెంటులో చెక్కినంత తీరుగా, మెట్లు.

పక్కన తవ్వుతున్న వాళ్ళలో వయసు మళ్ళిన ఒకాయన, ఒకప్పుడు సైన్యంలో పని చేశాడట, వంగి చూసి చెప్పాడు. "అలాగే కడతారమ్మా. నున్నగా వాలుగా కడితే బయటి నుంచి వచ్చిన గుండు జారి నేరుగా లోపలికే పోతుంది. ఇలా మెట్లుంటే అంచుకు తగిలి ఆగిపోతుంది."

పెద్దమ్మ లేచి కూర్చుంది. ముఖం నిండా ఇసుక. "మెట్లు మనిషికి కాదు, గుండుకు!" అని అరిచింది. "గుండు ఎక్కకుండ మెట్లు! నాయినా! గిది చెప్పకపోతివి గదనే!" అని నవ్వుతూ, ఏడుస్తూ, జాలరి ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

ఇది మీ నాయన కట్టిన గదేనని ఎలా తెలుస్తుంది, ఇలాంటివి ఒడ్డు వెంట ఎన్నో కట్టి ఉంటారు కదా అని ఆ సైన్యం ఆయన మెల్లగా అన్నాడు. నేను ఆమె ముఖం చూశాను. "ఎన్నో ఉన్నయా? ఇంకా మంచిగున్నది!" అంది. "గిదే కావాల్నని ఏమున్నది? గిట్లాంటి గది ఒకటి భూమ్మీద ఉన్నదా, లేదా? ఉన్నది!"

అక్కడి నుంచే దుబ్బాకకు ఫోన్ చేసింది. నేను తీసిన ఫొటోలు పంపించాను. అన్నగారు చూశాడట. ఫోన్ స్పీకరులో ఉంది కాబట్టి ఆయన మాట అందరం విన్నాం.

"ఈ దినాల్ల సెల్లుల ఏదైన సూపిస్తరే" అన్నాడు. పెట్టేశాడు.

పెద్దమ్మ ఫోన్ మీది ఇసుక దులిపి సంచిలో పెట్టింది. నడకకు వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మేం ఉప్మా తిన్నాం. ఎండ ఎక్కింది. లాడ్జికి తిరిగి వస్తుండగా ఫోన్ మళ్ళీ మోగింది.

"గాడికి ఏ రైలు వస్తది?" అన్నాడు అన్నగారు.

ఆయన్ని కొడుకు తెచ్చి సికింద్రాబాదులో రైలెక్కించాడు. మర్నాడు పొద్దున స్టేషన్ బయట కనిపించాడు. తెల్లటి ధోతి, భుజం మీద దుబ్బాక తువ్వాల, చేతిలో సంచి, చూపు ఆనని కళ్ళు. చెల్లెలిని పలకరించలేదు. "ఏడ?" అన్నాడు.

ఆటోలో పెద్దమ్మ నోరు ఆగలేదు. గుండుకు మెట్లు, జాలరి ఆవిడ, టిఫిన్ గిన్నె, అన్నీ. పడవల దగ్గర దిగి, ఇసుక మీద నడిచి, అక్కడికి పోయి నిలబడ్డాం.

ఏమీ లేదు.

నిన్న మేం తవ్విన గుంట లేదు. కొస లేదు. నల్లటి మూల లేదు. అద్దంలా నున్నటి తడి ఇసుక, దాని మీద పీతల అడుగులు. జాలరి ఆవిడ పరుగున వచ్చింది. "రాత్రి పెద్ద పోటొచ్చినాదమ్మా. ఇసకేసేసినాది. మళ్ళీ ఎప్పుడు పైకి నేస్తాదో ఏటో."

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడబోయింది. అల వచ్చి ఆమె చేతుల మీదుగా పోయింది. నేను ఆమె భుజం పట్టుకుని, ఇప్పుడు ఏమంటాడోనని అన్నగారి వైపు చూశాను.

ఆయన మా వైపు చూడటం లేదు. ఇసుక వైపూ చూడటం లేదు. తువ్వాల భుజం మీంచి జారి పడింది, తీసుకోలేదు. చూపు ఆనని ఆ కళ్ళు ఎంత దూరం చూడగలవో అంత దూరం సముద్రం వైపే ఉన్నాయి. అలల మోతకు తల కొంచెం వంచి వింటున్నాడు.

"చెల్లె" అన్నాడు.

"ఊఁ?"

"గింత సూసి వచ్చినోడు, మల్ల గా మగ్గం గుంతల కూసొని అన్నేండ్లు ఎట్ల నేసిండే?"

పెద్దమ్మ లేచి నిలబడింది. ఆయన చెప్పులు విప్పాడు. ధోతి మోకాళ్ళ పైకి దోపుకున్నాడు. నేరుగా నీళ్ళలోకి నడిచాడు.

"అన్నా, ఆగు! పడ్తవు!" అని పెద్దమ్మ వెనకే ఉరికింది. పెద్ద అల వచ్చి ఇద్దరినీ నడుము దాకా ముంచెత్తింది. ఆయన తూలాడు, ఆమె పట్టుకుంది, ఇద్దరూ ఉప్పునీళ్ళు ఉమ్ముతూ నవ్వుతున్నారు. ఆయన ఇటు తిరిగి, ఆ మోతలో వినబడాలని చెల్లెలి చెవిలోనే గట్టిగా కేకవేశాడు. ఒడ్డున నిలబడ్డ నాకూ వినబడింది.

"నాయిన తక్కువ చెప్పిండే! మస్తు తక్కువ చెప్పిండు!"